రెండో పేజీకి రాని పడవ

క్రితం వారం మనం ఒక ఫోను మోగిన చోట ఆగాం.

తుపాను మర్నాడు తెల్లవారేలోగా తీరం దాటుతుందని హెచ్చరిక వచ్చింది. వేటకెళ్ళిన పడవలన్నిటినీ వెనక్కి పిలిచే పనిని బందరులోని పడవల సమాఖ్య నెత్తికెత్తుకుంది. సముద్రం మీదున్న ప్రతి పడవకూ ఫోను చెయ్యాలి. ఒడ్డుకొచ్చినదాన్ని ‘తీరం’ అనే వెబ్‌సైట్‌లో ‘చేరింది’ అని గుర్తు పెట్టాలి. ఆ వెబ్‌సైట్‌ను గుడివాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపే లోహిత్ తయారు చేశాడు. సమాఖ్య ఆఫీసులో దాని మంచీ చెడూ చూసేది స్వర్ణలత. ఒకప్పుడు గుడివాడలో ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో పనిచేసినవాళ్ళే. మాటా మాటా పెరిగి ఆమె బందరు వచ్చేసిన దగ్గర్నుంచి, అవసరానికి తప్ప పలకరించుకోవడం లేదు. మధ్యాహ్నానికి పిలవాల్సిన పడవలు అయిపోయాయి. ‘ఇంకేమీ లేవు’ అని తెర మీద వచ్చింది. సమాఖ్య ప్రెసిడెంటు గంగాధరరావు వరండాలో టీవీ వాళ్ళ ముందు నిలబడి, మన పడవలన్నీ క్షేమంగా ఒడ్డుకు చేరాయని చెప్పడం మొదలుపెట్టాడు. అదే సమయానికి నాగాయలంక నుంచి వెంకాయమ్మ అనే ఆవిడ ఫోను చేసింది. తన భర్త వెంకటస్వామి పడవ ఇంకా రాలేదని, తమకు ఎవరూ ఫోను కూడా చెయ్యలేదని ఆమె చెప్పింది.

అక్కడి నుంచే మొదలుపెడదాం.

స్వర్ణలత ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ‘వెతుకు’ అన్న చోట పడవ పేరు కొట్టింది. నాంచారమ్మ. ఒక్క క్షణం తెర తెల్లగా ఉండిపోయి, ఆ తర్వాత పడవ ఫోటోతో సహా వచ్చింది. నీలం రంగు, ఎర్ర అంచు. పడవ నడిపే సరంగు పేరు వెంకటస్వామి. లోపల ఏడుగురు. దాని పక్కన పసుపు రంగులో ఒకే మాట ఉంది: సముద్రంలో.

“పిన్నీ, ఫోను దగ్గరే ఉండండి. నేను మళ్ళీ చేస్తాను,” అంది.

“టీవీలో అందరూ వచ్చేశారంటున్నారమ్మా. మా వీధిలో వాళ్ళు కూడా అదే అంటున్నారు. నేనే పిచ్చిదాన్నయ్యాను,” అంది వెంకాయమ్మ.

“మీరు పిచ్చివారు కాదు. పడవ రాలేదు. వెతుకుతున్నాం.”

ఫోను పెట్టేసి పక్క బల్ల వైపు తిరిగింది. అక్కడ తనూజ మంచినీళ్ళ సీసా ఎత్తి గడగడా తాగుతోంది. పొద్దుటి నుంచి గొంతు పోయేలా ఫోన్లు చేసిన పిల్ల అది. ఇప్పుడే పని ముగిసిందని కాళ్ళు చాపుకుంది.

“తనూజా, నాంచారమ్మకి ఫోను చేశావా?”

“నాంచారమ్మా? ఆ పేరు నాకు తగల్లేదక్కా.”

“తగలకపోవడమేంటి? ఇందులో ఉందిగా.”

తనూజ లేచి వచ్చి తెర చూసింది. ఆమె ముఖం ఎర్రబడింది. “నేను ఒక్కర్ని కూడా వదల్లేదక్కా. తెర మీద వచ్చిన ప్రతివాళ్ళకీ చేశాను. ఎత్తనివాళ్ళకి ఇంట్లో నంబరుకి చేసి కనుక్కున్నాను. నా మీద ఒట్టు.”

“నిన్ను అనడం లేదు. ఏం చేశావో నాకు చూపించు. పొద్దున్న చేసినట్టే, ఒక్కోటీ.”

తనూజ తన కుర్చీలో కూర్చుంది. “ఇదిగో, మొదటి పేజీ తెరిచాను. ఇంకా సముద్రంలో ఉన్న పడవలు, పేజీకి ఇరవై వస్తాయి. ఇరవై మందికీ చేశాను. అందరూ వచ్చేశామన్నారు, ఇరవైకీ ‘చేరింది’ అని కొట్టాను. కింద ‘తర్వాతి పేజీ’ నొక్కాను. రెండోది వచ్చింది. అక్కడ ఇరవై. మళ్ళీ నొక్కాను, మూడోది. ఆ తర్వాత నొక్కితే ‘ఇంకేమీ లేవు’ అని వచ్చింది. మిగతావి ఊళ్ళల్లో మనవాళ్ళు కొట్టేసి ఉంటారు అనుకున్నాను.”

“మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళావా?”

“అయిపోయిన పేజీకి మళ్ళీ ఎందుకెళ్తానక్కా?”

స్వర్ణలత కళ్ళు తెర మీదున్నాయి గానీ తెరను చూడటం లేదు. ఒకటి అర్థమవుతోంది, ఇంకా పూర్తిగా పట్టు చిక్కడం లేదు. వేలితో తెర మూల చూపించింది.

“ఇప్పుడు వెళ్ళు.”

తనూజ మొదటి పేజీ నొక్కింది.

ఆ పేజీ ఖాళీగా ఉండాలి. అందులోని ఇరవై పడవలూ పొద్దున్నే ఒడ్డుకు చేరాయి. కానీ తెర పై నుంచి కింది దాకా నిండిపోయింది. తనూజ పొద్దుట్నుంచీ చూడని పేర్లు, పిలవని సరంగులు. అన్నిటి పక్కనా పసుపు రంగు. ఇరవయ్యో వరసకు కొంచెం పైన నాంచారమ్మ.

“ఇవెక్కడివక్కా?” అంది తనూజ.

“ఇవి ఇక్కడే ఉన్నాయి. మనమే దాటి వెళ్ళిపోయాం.”

అప్పుడు మొత్తం ఒక్కసారిగా కళ్ళకు కట్టింది. రేషను షాపు ముందు వరస ఉందనుకోండి. మొదటి ఇరవై మందీ సరుకులు తీసుకుని ఇళ్ళకు పోతే వెనకవాళ్ళు ముందుకు జరుగుతారు. ఇరవై ఒకటో మనిషి ఇప్పుడు మొట్టమొదట నిలబడి ఉంటాడు. డీలరు మాత్రం ‘ఇరవై మందికి ఇచ్చేశాను, ఇక ఇరవై ఒకటో చోటు నుంచి ఇవ్వాలి’ అని నేరుగా వెనక్కి నడిచిపోతే, ముందుకు జరిగినవాళ్ళ గతేమిటి? వెబ్‌సైట్ అదే చేసింది. రెండో పేజీ అడిగిన ప్రతిసారీ, మిగిలినవాటిలో మొదటి ఇరవైనీ వదిలేసి ఆ తర్వాతివి తెచ్చింది. మూడో పేజీ అడిగితే నలభై వదిలింది. ఆలోగా ఒడ్డుకు చేరినవి జాబితాలోంచి తప్పుకుంటున్నాయి, చేరనివి ముందుకు జరిగి ఆ వదిలేసిన చోటులో కూర్చుంటున్నాయి. తనూజ ఎంత జాగ్రత్తగా పనిచేసి ఎంతమందిని ఒడ్డుకు చేరిస్తే, అంతమంది చూపు తప్పిపోయారు.

“లోహిత్,” అని పిలిచింది స్వర్ణలత. అరిచిందనే చెప్పాలి.

తుపాను రోజున సైట్ ఆగిపోకుండా చూసుకోమని గంగాధరరావు పిలిపిస్తే, లోహిత్ పొద్దున్నే గుడివాడ నుంచి వచ్చి లోపలి గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. చేతిలో టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చాడు.

“ఏమైంది? సైట్ బాగానే నడుస్తోందిగా. ఇందాకే చూశాను.”

“నడుస్తోంది. సగం పడవల్ని దాటేసి నడుస్తోంది.”

“అర్థమయ్యేలా చెప్పు.”

ఆమె చెప్పింది. సగంలోనే అతను తల అడ్డంగా ఊపాడు. “అలా జరగదు స్వర్ణా. రెండేళ్ళుగా ఇదే నడుస్తోంది. ఆ పేజీలు నేనే రాశాను. వెయ్యి పడవలు పెట్టి టెస్టు చేశాం. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఒక్కటి తప్పలేదు.”

“టెస్టు చేసినప్పుడు ఏం చేశారు?”

“చూశాం. పేజీ తర్వాత పేజీ.”

“చూస్తున్నప్పుడు ఎవరైనా ఒక్క పడవనైనా ఒడ్డుకు చేర్చారా?”

లోహిత్ టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు. పెట్టిన తీరు చూస్తే దాన్ని ఇక ముట్టుకోడని తెలిసిపోయింది.

“మామూలు రోజుల్లో ఎవరూ చేర్చరు,” అన్నాడు మెల్లగా. “ఊరికే చూస్తారు, అంతే. ఇలా అందరూ కలిసి ఒకేసారి...” వాక్యం పూర్తి చెయ్యకుండానే కుర్చీ లాక్కుని తనూజ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మొదటి పేజీ చూశాడు. రెండో పేజీ నొక్కాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు. రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

“పైన మొత్తం ఎన్ని మిగిలాయో చూపించే అంకె ఉండేది కదా. అదెక్కడికి పోయింది?” అంది స్వర్ణలత.

“తీసేశాను. ప్రతిసారీ మొత్తం లెక్కపెట్టాలంటే పేజీ ఆలస్యంగా వస్తోందని, కృత్తివెన్ను వైపు సిగ్నల్ లేని ఊళ్ళ వాళ్ళు గోల పెట్టారు. ఇరవై ఇరవై చొప్పున వేగంగా వస్తే చాలన్నారు.”

“ఇప్పుడు లెక్కపెట్టు. సైట్‌లో కాదు, నేరుగా డేటాబేస్‌ని అడుగు.”

దాని పాస్‌వర్డ్ అతని ఒక్కడి దగ్గరే ఉంది. లోపలికి వెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకే ఒక్క వరస టైపు చేశాడు. చేరినట్టు గుర్తు లేని పడవలెన్ని? మీట నొక్కాడు.

యాభై ఏడు.

బయట ఈదురుగాలికి వరండా రేకు టపటపా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు మధ్యలో గంగాధరరావు గొంతు తేటగా, నిండుగా వినిపిస్తోంది. మన సమాఖ్య కట్టుదిట్టమైన ఏర్పాట్ల వల్ల అంటున్నాడాయన.

స్వర్ణలత వరండాలోకి వెళ్ళింది. కెమెరా ముందు నిలబడ్డ మనిషిని మధ్యలో ఆపడం ఆమె ఎప్పుడూ చేసిన పని కాదు. నేరుగా వెళ్ళి ఆయన పక్కన నిలబడి, “ఒక్కసారి లోపలికి రండి సార్,” అంది. ఆమె ముఖం చూసి ఆయన ఏమీ అడక్కుండా వచ్చాడు. చొక్కాకు పెట్టిన చిన్న మైకు అలాగే ఉంది. లోహిత్ దాన్ని చూసి, తీసి బల్ల మీద పెట్టాడు.

గంగాధరరావుకు అరవై దాటాయి. ఎండకు కమిలిన మనిషి, ఇస్త్రీ చొక్కా. ఏ పని మొదలుపెట్టినా ముగించే అలవాటు ఆయనది. అందుకే సమాఖ్య ప్రెసిడెంటుగా మూడుసార్లు ఎన్నుకున్నారు. స్వర్ణలత చెప్పిందంతా కదలకుండా విన్నాడు.

“అంటే ఈ యాభై ఏడూ సముద్రంలోనే ఉన్నాయంటావా?”

“అన్నీ ఉండకపోవచ్చండీ. చాలావరకు వచ్చేసే ఉంటాయి. ఫోను చేసి అడిగితే గానీ తెలియదు. ఒకటి మాత్రం రాలేదు, అది ఖాయం.”

“గిలకలదిండి రేవులో లాంచీల సంగతి?” అన్నాడు లోహిత్.

ఆయన గబుక్కున తలెత్తాడు. గాలింపుకని ఉంచిన మూడు లాంచీలను, పడవలన్నీ వచ్చేశాయి కదా అని ఇందాకే ఆయనే కట్టెయ్యమన్నాడు. కుర్రాళ్ళను ఇళ్ళకు పంపేశారు కూడా.

“అమ్మాయ్,” అన్నాడు గొంతు తగ్గించి, “ఇప్పుడే కదా ఊరందరికీ చెప్పాను. ఒడ్డున కూర్చుని ఏడుస్తున్న ఆడాళ్ళంతా ఆ మాట విని పునరావాస కేంద్రాలకి కదిలారు. మళ్ళీ వెళ్ళి యాభై ఏడు రాలేదంటే ఏమవుతుంది? అందరూ సముద్రం ఒడ్డుకి పరిగెత్తుతారు. ముందు ఫోన్లు చెయ్యండి. ఎన్ని తేలతాయో చూసి అప్పుడు చెబుదాం.”

అది తీసిపారెయ్యదగ్గ మాట కాదు. స్వర్ణలతకూ తెలుసు. కానీ కిటికీలోంచి చూస్తే పడమటి మబ్బు కింద వెలుగు అప్పుడే మసకబారుతోంది. లాంచీ బయలుదేరాలంటే ఇప్పుడే బయలుదేరాలి.

“మీరు చెప్పేదాకా లాంచీల వాళ్ళు కదలరండీ. కలెక్టరేటు వాళ్ళూ కదలరు. ‘అన్నీ వచ్చేశాయి’ అన్న మాట మీ నోటి నుంచి వచ్చింది. దాన్ని వెనక్కి తీసుకోవాల్సింది కూడా మీరే.”

“ఏమని తీసుకోను? మాకు తెలియదు అననా? ఆ మాట చెప్పడానికా నన్ను ప్రెసిడెంటును చేసింది?”

“అందుకేనేమోనండీ.”

గంగాధరరావుకు కోపం వచ్చిందో లేదో ముఖంలో తెలియలేదు. లోహిత్ లేచి నిలబడ్డాడు.

“తప్పు నేను రాసినదాంట్లో ఉందండీ. కావాలంటే నేనొచ్చి చెబుతాను.”

“నువ్వు కూర్చో. నీ చేతులతో ఇక్కడ పనుంది,” అన్నాడాయన. మైకు తీసుకుని చొక్కాకు తనే పెట్టుకుంటూ బయటికి నడిచాడు.

లోపలికి ప్రతి మాటా వినిపించింది. “ఇందాక నేను చెప్పింది తప్పు,” అని మొదలుపెట్టాడు. వివరణలూ విచారాలూ ఏమీ లేవు. కొన్ని పడవలకు ఫోను వెళ్ళలేదు. మీ ఇంటివాళ్ళు రాకపోతే, వచ్చారని ఎవరు చెప్పినా నమ్మొద్దు, ఈ నంబరుకు చెయ్యండి. సముద్రం ఒడ్డుకు మాత్రం ఎవరూ వెళ్ళొద్దు, ఉన్నచోటి నుంచే చెప్పండి. వెళ్ళేవాళ్ళం మేం వెళ్తున్నాం. ఆ వెంటనే ఆయన గిలకలదిండికి ఫోను చేసి, “ఇంజన్లు వెయ్యండ్రా, కుర్రాళ్ళని వెనక్కి పిలవండి,” అనడం వినిపించింది.

ఇక ఆ గదిలో ఎవరికీ ఒళ్ళు తెలియలేదు.

తనూజ మొదటి పేజీలోని పడవలను పిలవడం మొదలుపెట్టింది. ‘తర్వాతి పేజీ’ జోలికి వెళ్ళొద్దని స్వర్ణలత ఊళ్ళల్లో ఉన్న సమాఖ్య మనుషులందరికీ చెప్పింది. ఒక్కొక్కటీ ‘చేరింది’ కొట్టండి, మొదటి పేజీనే మళ్ళీ తెరవండి, మిగిలినవి అవే పైకొస్తాయి. పడవలు దొరుకుతున్నాయి. ఒక సరంగు పొద్దున్నే ఒడ్డుకొచ్చి హాయిగా అన్నం తిని పడుకున్నాడు. “నన్ను లేపడానికా ఇంత హడావిడి?” అన్నాడు. ఇంకో రెండు పడవలు నిజాంపట్నం వైపు మళ్ళి అక్కడే లంగరు వేసుకున్నాయి. మరొకటి కృష్ణ పాయలోకి దూరి మడచెట్ల చాటున కట్టుకుని ఉంది. గంగాధరరావు కూడా వచ్చి కుర్చీ లాక్కుని ఫోను అందుకున్నాడు. “ఒరేయ్ బావా, బతికున్నావా? ఉంటే ఆ మాట ఫోను ఎత్తి చెప్పొచ్చుగా,” అని ఎవరినో తిడుతుంటే, ఆ ఉద్రిక్తతలోనూ తనూజకు నవ్వొచ్చింది. కరెంటు పోయింది. జనరేటరు దగ్గి దగ్గి అందుకుంది. టీవీ కుర్రాడు కెమెరా పక్కన పెట్టి, నాక్కూడా నాలుగు నంబర్లివ్వండి అన్నాడు.

కాసేపటికి పని మందగించింది.

“అక్కా, కదలడం లేదు,” అంది తనూజ. “ఈ పేజీలో ఉన్నవాళ్ళెవరూ ఎత్తడం లేదు. ఎన్నిసార్లు తెరిచినా మళ్ళీ వీళ్ళే వస్తున్నారు.”

స్వర్ణలత చూసింది. నిజమే. ఫోను అందని పడవలు మొదటి పేజీని ఆక్రమించుకుని కూర్చున్నాయి. వాటి వెనక ఇంకా ఎన్నో ఉన్నాయి, కానీ ముందుకు రావడానికి చోటు లేదు. తర్వాతి పేజీకి వెళ్తే పాత గండమే. కృత్తివెన్నులో, నాగాయలంకలో కూర్చుని ఫోన్లలో చూస్తున్నవాళ్ళకీ ఇదే కథ.

“నువ్వు డేటాబేస్‌లోంచి మిగిలిన పడవల జాబితా మొత్తం తీసి నాకివ్వు,” అంది లోహిత్‌తో. “ఇక్కడ మేం దాన్ని చూసి చేస్తాం. కానీ ఊళ్ళల్లో వాళ్ళకి సైట్ తప్ప దిక్కు లేదు.”

“మొత్తం నీ మెయిల్‌కి వచ్చేసింది. వాళ్ళ సంగతే చేస్తున్నాను.” అతను తల ఎత్తలేదు. వేళ్ళు పరిగెడుతున్నాయి. “ఎన్ని వదిలెయ్యాలి అని లెక్కపెట్టడమే తప్పు. ఆఖరున చూసిన పడవ నంబరు గుర్తుపెట్టుకుంటాను. తర్వాతి పేజీ అంటే ఆ నంబరు దాటిన ఇరవై. ముందున్నవి ఉన్నా పోయినా నాకు సంబంధం లేదు. ఒకే నంబరు రెండు పడవలకి ఉండదు కాబట్టి గందరగోళం రాదు.”

స్వర్ణలత అతని భుజం మీదుగా వంగి చదివింది. సరిగ్గా ఉంది. సరిగ్గా ఉన్నదాన్ని చూసినప్పుడు కలిగే ఒక చల్లదనం ఆమెకు అలవాటే, కానీ ఇవాళ దాన్ని నమ్మబుద్ధి కాలేదు.

“సైట్‌లో పెట్టే ముందు టెస్టు చెయ్యి. ఇప్పుడు సైట్ ఆగిపోయిందంటే మన పని అంతే.”

“ఇదిగో సైట్ నకలు తెరిచాను. నేను పేజీలు తిప్పుతాను. నువ్వు పక్కన కూర్చుని పడవల్ని ఒడ్డుకు చేరుస్తూ ఉండు. ఇష్టం వచ్చినట్టు చేర్చు. నన్ను తికమక పెట్టు.”

ఆమె కూర్చుంది. అతను తిప్పుతుంటే ఆమె ముందువీ, వెనకవీ, మధ్యవీ గుర్తులు పెట్టేసింది. ఒక పేజీ మొత్తం మాయం చేసింది. అతను ఆఖరికి చేరాక ఇద్దరూ సరిచూశారు. ఒక్కటి తప్పలేదు. ఏదీ రెండుసార్లు రాలేదు.

“పెట్టెయ్,” అంది.

అతను మీట నొక్కబోతూ ఆగాడు. “గుడివాడలో ఆ రోజు, కస్టమరు అడగని ప్రశ్నలు నీకెందుకు అన్నాను.”

“తర్వాత మాట్లాడుకుందాం. నొక్కు.”

నొక్కాడు. తెర ఒకసారి తెల్లబడి మళ్ళీ వచ్చింది. నాగాయలంక నుంచి మొదటి ఫోను వచ్చింది. కొత్త పేర్లొస్తున్నాయండీ, పిలుస్తున్నాం అని. ఆ వెనకే కృత్తివెన్ను నుంచి. లోహిత్ తెర పైభాగాన తీసేసిన అంకెను కూడా తిరిగి తెచ్చి పెట్టాడు. ఆలస్యమైతే అవుతుందిలే అన్నాడు. ఇక అందరి చూపూ దాని మీదే. ముప్ఫైలోకి దిగింది. ఇరవైలోకి దిగింది. కాసేపు కదలకుండా నిలబడి అందరి ప్రాణాలూ తోడేసింది. ఒక్కసారిగా ఐదు పడవలు పాలకాయతిప్ప దగ్గర కలిసి ఒడ్డెక్కాయని తెలిసినప్పుడు, గంగాధరరావు బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు. గ్లాసులు గలగలలాడాయి.

చీకటి పడేవేళకు అక్కడ ఒకటి అని ఉంది.

నాంచారమ్మ. ఫోను మూగబోయి చాలాసేపయింది. స్వర్ణలత వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని పిలుస్తూనే ఉంది. ముందు బయలుదేరిన లాంచీని నాగాయలంక లైట్‌హౌస్ వైపు పంపారు. మిగతా రెండూ దాని వెనక వెళ్తున్నాయి. గాలి ఇప్పుడు ఈల వేయడం మానేసి ఒకే పొడుగాటి హోరుగా మారింది.

“నాంచారమ్మ, నాంచారమ్మ. బందరు పిలుస్తోంది. వెంకటస్వామి బాబాయ్, వినిపిస్తోందా?”

గరగర. మళ్ళీ పిలిచింది. గరగర. ఏ వందోసారో పిలవబోతుంటే ఆ గరగరలోంచి ఒక మనిషి గొంతు ఊడిపడింది.

“...వినపడతంది. వినపడతందమ్మా. చెప్పు.”

తనూజ రెండు చేతులతో నోరు మూసుకుంది. స్వర్ణలత సెట్టును దగ్గరకు లాక్కుంది.

“ఎలా ఉన్నారు బాబాయ్? అందరూ బాగున్నారా?”

“మాకేం కాలేదు. ఇంజను ఆడతంది. లైట్‌హౌసు వెలుగు కనపడతంది. మేమే అయితే ఈపాటికి పాయలో పడేవాళ్ళం. మేమొక్కళ్ళం కాదమ్మా.”

“ఒక్కళ్ళు కాకపోవడమేంటి?”

“వెనకాల ఒక నావని కట్టుకుని లాగతన్నాం. ఇంజను చచ్చిపోయి కొట్టుకుపోతంటే తాడేశాం.”

“దాని నంబరు చెప్పండి,” అన్నాడు లోహిత్ ముందుకు వంగి, వేళ్ళు మీటల మీద పెట్టి. స్వర్ణలత ఆ మాటే అడిగింది.

“నంబరా? నంబరు లేదు, పేరూ లేదు. లంకల్లో పీతలకెళ్ళిన ఆడాళ్ళు. పది మంది పైనే ఉంటారు. చీకట్లో లెక్క తెలవట్లా.”

లోహిత్ వేళ్ళు మీటల మీదే నిలిచిపోయాయి. కొట్టడానికేమీ లేదు. ఆ నావ ఏ పేజీలోనూ లేదు. మొదటి నుంచీ ఎక్కడా లేదు.

“అమ్మా, వినపడతందా?” వెంకటస్వామి గొంతు దగ్గరైంది, సెట్టును నోటికి ఆనించుకున్నట్టుగా. “తాడు ఒక పేట తెగింది. అలకి రెండు పడవలూ గుద్దుకుంటన్నాయి. ఈ బరువుతో ఇంజను పాయ మొగ దాటి ఏట్లోకి ఎక్కడం లేదు. నా వాళ్ళు సగం మంది కోసెయ్యమంటన్నారు. నేను కత్తి నా దగ్గర పెట్టుకుని కూకున్నాను. మీ లాంచీ వస్తందంటే ఎట్టాగైనా పట్టుకుంటాను. రాదంటే ఇప్పుడే చెప్పండి. నా పడవలోనూ పిల్లల తండ్రులున్నారు.”

స్వర్ణలత గంగాధరరావు వైపు చూసింది. ఆయన ఇంకో సెట్టులో లాంచీని పిలుస్తున్నాడు. పిలుస్తూనే ఉన్నాడు. అటు నుంచి గాలి చప్పుడు తప్ప ఏమీ రావడం లేదు. ఆయన ఆమె వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

“లాంచీ వస్తందా, రాదా? ఒక్క మాట చెప్పమ్మా.”

ఏం చెప్పాలో తెలియకుండానే ఆమె సెట్టు మీట నొక్కింది.